జుట్టుకు అలలు తెచ్చే క్లిప్: జారకుండా, లాగకుండా ఉండాలంటే ఎలా డిజైన్ చేయాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. కరెంటు, వేడి లేకుండా రాత్రి పెట్టుకుని పొద్దున తీస్తే జుట్టుకు అలలు, వీలైతే రింగులు కూడా వచ్చే చిన్న క్లిప్ మీరే తయారు చేద్దామనుకుంటున్నారు. త్రీడీ ప్రింట్‌లో ఒక నమూనా చేయించి ఫొటో పెట్టారు. పాయ జారిపోతోంది. 0.8 మి.మీ. తీగ స్ప్రింగ్ తీసి 1 మి.మీ. ది వేస్తే మాడు దగ్గర లాగి నొప్పి పుడుతోంది. తీశాక గంటకే జుట్టు మళ్లీ సాఫీగా వాలిపోతోంది. ఏ ప్లాస్టిక్ వాడాలి, ఏ స్ప్రింగ్, ఎంత కొలత, పేటెంట్ వస్తుందా అని అడిగారు.

నేను విశాఖపట్నం గాజువాక ఆటోనగర్‌లో ప్లాస్టిక్ డైలు, అంటే కరిగిన ప్లాస్టిక్ పోసి వస్తువులు తీసే లోహపు అచ్చులు, డిజైన్ చేస్తాను. మా వదినకు ఎంవీపీ కాలనీలో బ్యూటీ పార్లర్ ఉంది. క్లిప్పులు పుట్టేది నా దగ్గర, విరిగేది ఆవిడ దగ్గర. కాబట్టి రెండు వైపుల నుంచీ చెప్పగలను.

ముందు సూటిగా సమాధానం: స్ప్రింగ్ తీసేయండి. మీ క్లిప్‌కు బిగింపు ఎక్కువవుతోంది తప్ప తక్కువ కాలేదు. పాయను మధ్యలో పట్టుకునే రెండు పట్టీలను, అంటే పై దవడ, కింది దవడలను, రెండు విడి ముక్కలుగా చేయండి. కుదుళ్ల వైపు రెండు పక్కలా చిన్న కొక్కేలు, కొసల వైపు ఒక లాక్ పెట్టండి. మూసినప్పుడు దవడల మధ్య ఒకటిన్నర, రెండు మి.మీ. ఖాళీ మిగిలేలా స్టాపర్ (అంతకన్నా మూసుకోకుండా ఆపే చిన్న దిమ్మ) ఇవ్వండి. మెటీరియల్ పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్, మా షాపు భాషలో పీపీ. అలలూ రింగులూ ఒకే క్లిప్‌తో రావాలన్న ఆశ మాత్రం ఇప్పటికి వదిలేయండి. ముందు అలల క్లిప్ ఒక్కటి పూర్తి చేయండి.

ఎందుకో చెబుతాను.

జుట్టు కెరాటిన్ అనే ప్రోటీన్. అందులో మనకు పనికొచ్చే బంధాలు రెండు రకాలు. హైడ్రోజన్ బంధాలు తడిస్తే విడిపోతాయి, ఆరితే మళ్లీ కలుస్తాయి. డైసల్ఫైడ్ బంధాలు నీళ్లకు లొంగవు, వాటిని కదిలించాలంటే పార్లర్లో పర్మింగ్‌కు వాడే థయోగ్లైకొలేట్ లాంటి మందు కావాలి. మీ క్లిప్ వ్యవహారమంతా మొదటి రకంతోనే. చెమ్మగా ఉన్న పాయను వంచి ఉంచితే, ఆ వంపులోనే ఆరితే, బంధాలు కొత్త చోట కుదురుకుంటాయి. పూర్తిగా ఆరకముందే తీస్తే కుదురుకోవడానికేమీ ఉండదు.

గంటకే సాఫీ అయిపోవడానికి మొదటి కారణం ఇదే. ఫొటోలో మీ దవడలు రెండూ కన్నాలు లేని గట్టి పట్టీలు. వాటి మధ్య నొక్కుకుపోయిన పాయకు గాలి ఎక్కడిది? పైపైన చేత్తో తడిమితే పొడిగానే ఉంటుంది, పాయ నడిమధ్య మాత్రం పొద్దుటికి కూడా చెమ్మ పోదు. మీరు తలస్నానం చేసి, తువ్వాలుతో తుడిచి, వెంటనే పెట్టుకుంటున్నానన్నారు. అలా వద్దు. ఫ్యాను కింద ముప్పావు వంతు ఆరనిచ్చి, వేళ్లకు చల్లగా తగులుతూ నీరు అంటని స్థితిలో పెట్టండి. తలకు నూనె రాసి ఉంటే ఆ రోజుకు ఈ ప్రయోగం మానుకోండి. నూనె జుట్టు జారుతుంది, దాని మీద అల సరిగ్గా నిలవదు.

రెండో కారణం మన ఊరు. బాగా తేమగా ఉన్న గాలిలో జుట్టు తన బరువులో 30 శాతం దాకా నీటిని పీల్చుకోగలదు. ఆ నీరే మీరు రాత్రంతా కష్టపడి కట్టిన బంధాలను విప్పేస్తుంది. హైదరాబాద్‌లో సాయంత్రం దాకా నిలిచిన అల ఇక్కడ బీచ్ రోడ్డులో ఐస్‌క్రీమ్ తినేలోపు పోతుంది. కాబట్టి రేపు అమ్మేటప్పుడు డబ్బా మీద '24 గంటలు' అని వేయకండి. టెస్టు కూడా ఏసీ గదిలో చేయకండి. ఆగస్టులో, కిటికీలు తెరిచి చేయండి.

వదిన దగ్గరికి వచ్చే పెళ్లికూతుళ్లలో చాలామందికి వెనక పూలజడ, ముందు చెవుల పక్కన మెత్తటి అలలు కావాలి. వేడి టాంగ్ పెట్టినా, క్లిప్ పెట్టినా ఈ ఊరి గాలి ఒకటే. ఆవిడ ఏం చేస్తుందంటే, పాయలకు ముందుగా అవిసె గింజలు ఉడికించి తీసిన జెల్ పల్చగా రాస్తుంది. అది ఆరి సన్నని పొరలా పట్టి ఉంటుంది. చీర కట్టడం, నగలు, బొట్టు అన్నీ అయ్యాక, కారు ఎక్కే ముందు చివరి పనిగా క్లిప్పులు తీస్తుంది. తీశాక దువ్వెన ముట్టుకోనివ్వదు, వేళ్లతోనే విడదీస్తుంది. ఇదంతా మీ క్లిప్‌తో పాటు ఇచ్చే వాడకం కాగితంలో రాయాల్సిన విషయం. డిజైన్ ఎంత బాగున్నా ఇది చెప్పకపోతే వస్తువు బాలేదనే అంటారు.

ఇప్పుడు అసలు విషయం, నొప్పి ఎక్కడి నుంచి వస్తోంది.

వంపు తిరిగిన దారి తిన్నని దారి కన్నా పొడవు. ఒక అల నుంచి ఇంకో అలకు 25 మి.మీ. దూరం, అల మొత్తం లోతు 8 మి.మీ. అనుకోండి. ఆ 25 మి.మీ. లో పట్టే జుట్టు పొడవు సుమారు 30.5 మి.మీ. అంటే 22 శాతం ఎక్కువ. నాలుగు అలల క్లిప్ పొడవు 100 మి.మీ. అయితే, అది మూసుకునేటప్పుడు ఇంకో 22 మి.మీ. జుట్టు ఎక్కడి నుంచో లోపలికి జారి రావాలి. లోతు 12 మి.మీ. చేస్తే ఆ అదనం 43 మి.మీ. అవుతుంది.

మీ క్లిప్‌లో కీలు పక్కన ఉంది కాబట్టి దవడల మీద ఎత్తుగా ఉన్న గట్లన్నీ దాదాపు ఒకేసారి దిగుతున్నాయి. పైనున్న గట్టు, కింద ఉన్న గట్టు పాయను పట్టేసుకున్నాయి. మధ్యలోవి ఇంకా లోపలికి దిగాలి. వాటికి కావలసిన జుట్టు ఎటు నుంచి రావాలి? స్ప్రింగ్ బలంగా ఉంటే అది మాడు నుంచి లాక్కుంటుంది. అదే మీ నొప్పి. బలం లేకపోతే మధ్య గట్లు పూర్తిగా దిగవు, అల పడదు, క్లిప్ జారుతుంది. ఒకే తప్పు రెండు రకాలుగా కనిపిస్తోంది.

అందుకే కుదుళ్ల వైపు కొక్కెం అన్నాను. కింది దవడను పాయ కింద పెట్టండి. పై దవడను ముందు కుదుళ్ల వైపు కొక్కేలకు తగిలించి, అక్కడి నుంచి కొసల వైపుకు మెల్లగా వాల్చండి. కొక్కేనికి దగ్గరున్న అల ముందు పడుతుంది, తర్వాతది, ఆ తర్వాతది. ప్రతి అలకూ కావలసిన జుట్టు కొసల వైపు నుంచే వస్తుంది, అక్కడ దాన్ని పట్టుకున్నవారెవరూ లేరు. మాడుకు తెలియను కూడా తెలియదు. కొక్కేలు రెండు పక్కలా ఉంటాయి కాబట్టి మధ్యలో పాయకు దారి అడ్డం లేదు.

స్ప్రింగ్ లేకుండా జారదా అని మీకు అనుమానం రావచ్చు. మన ఫిషింగ్ హార్బర్‌లో చూసే ఉంటారు, పడవ తాడును గట్టు మీది దిమ్మకు రెండు మూడు చుట్లు తిప్పి కొసను ఒక మనిషి ఊరికే పట్టుకుని నిలబడతాడు, అంత పడవా ఆగుతుంది. వంపు మీద రాపిడి కూడికలా కాక హెచ్చవేతలా పెరుగుతుంది. నాలుగు అలలంటే ఎనిమిది మలుపులు. నూనె లేని జుట్టును ఆ మలుపులే పట్టుకుంటాయి.

స్ప్రింగే కావాలని పట్టుబడితే ఒక్క లెక్క గుర్తుంచుకోండి. చుట్ల సంఖ్య, చుట్టు వ్యాసం మారకపోతే, ఇలాంటి స్ప్రింగ్ బిగువు తీగ మందానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. 0.8 నుంచి 1 మి.మీ. కి వెళ్లడం చూడ్డానికి చిన్న మార్పే, బిగువు మాత్రం 2.4 రెట్లు దాటింది. స్టాపర్ లేకుండా ఆ బిగువంతా వెంట్రుకల మీదే పడింది. పైగా తడి జుట్టు, ఉప్పు గాలి. మామూలు ఉక్కు తీగ స్ప్రింగ్ ఎంత పూత వేసినా తుప్పు పట్టి దిండు గలీబు మీద మరక పెడుతుంది. పెట్టి తీరాలంటే 304 స్టెయిన్‌లెస్ తీగ వాడండి.

దవడ ఆకారం. పట్టీ మొత్తాన్ని అలలా చెక్కించారు. అవసరం లేదు. మూసినప్పుడు జుట్టు గట్ల శిఖరాల మీదే ఆనుతుంది, లోయల్లో ఆనదు. మరి లోయల్లో ప్లాస్టిక్ ఎందుకు? పై దవడకు నాలుగు, కింది దవడకు ఐదు గుండ్రటి అడ్డ కడ్డీలు, రెండు పక్కలా వాటిని కలిపే రెండు పట్టీలు, అంతే. మధ్యంతా ఖాళీ, గాలి ఆడుతుంది, బరువూ తగ్గుతుంది. పైన చెప్పిన 25, 8 కొలతలకు శిఖరం దగ్గర వంపు వ్యాసార్థం 4 మి.మీ. వస్తుంది, కాబట్టి కడ్డీ 8 మి.మీ. వ్యాసం. కడ్డీని నిండుగా పోయొద్దు. అంత మందమైన పీపీ చల్లారేటప్పుడు లోపలికి గుంట పడుతుంది. జుట్టు తగలని వైపు బోలుగా వదిలి, గోడ 1.8 మి.మీ. ఉంచండి.

లాక్ గురించి: వంగే చేయి పొడవు 12, మందం 1.5, పంటి ఎత్తు 1 మి.మీ. పెడితే వంగినప్పుడు ప్లాస్టిక్ సాగేది ఒకటిన్నర శాతం చిల్లర. పీపీకి అదో లెక్క కాదు. చేయి మొదట్లో మూల పదునుగా వదలకండి, అరమిల్లీమీటరైనా గుండ్రం చేయించండి.

మెటీరియల్‌లో ఎందుకు పీపీయే అంటే, కొబ్బరినూనె. ఒక పార్టీ నా మాట వినకుండా వేరే చోట ఏబీఎస్ అనే ఇంకో ప్లాస్టిక్‌లో క్లిప్పులు కొట్టించుకున్నారు. మెరుపు బాగుంటుందని. పూర్ణా మార్కెట్ షాపుల్లో అట్టల మీద ఉన్నంతకాలం బ్రహ్మాండంగా ఉన్నాయి. ఇళ్లకు వెళ్లినవి తిరిగి రావడం మొదలైంది. తెచ్చి నా బల్ల మీద పోశారు. అన్నిట్లోనూ లాక్ చేయి మొదట్లో వెంట్రుకంత పగులు, వెలుతురుకు పెట్టి వంచితే తెల్లగా కనిపిస్తుంది. ఏబీఎస్, పాలీకార్బొనేట్ లాంటివి ఒత్తిడిలో ఉన్నప్పుడు నూనె తగిలితే పగులుతాయి. మన ఇళ్లలో తలకు నూనె రాయని వారం ఉంటుందా? పీపీకి ఈ జబ్బు దాదాపు లేదు. వాళ్లు అదే డైలో పీపీ పోసి ఇవ్వమన్నారు. కుదరదు. ఏబీఎస్ చల్లారాక సుమారు అర శాతం ముడుచుకుంటే పీపీ ఒకటిన్నర నుంచి రెండు శాతం దాకా ముడుచుకుంటుంది. 100 మి.మీ. క్లిప్ మీద ఒక మిల్లీమీటరుకు పైగా తేడా, కొక్కెం ఒక చోట, దాని గుంత ఇంకో చోట. అందుకే మెటీరియల్ ఏదో తేల్చుకున్నాకే డై కోయించాలి.

మీ ప్రింటు నమూనా పీఎల్ఏ అనే ప్రింటింగ్ ప్లాస్టిక్ అయి ఉంటుంది. అది 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. హెయిర్ డ్రయర్ ముందు పెట్టినా, మే నెలలో కారు డాష్‌బోర్డు మీద వదిలినా వంకరపోతుంది. దాన్ని చూసి డిజైన్ తప్పని అనుకోకండి. దాని బదులు పీఈటీజీ అనే ప్రింటింగ్ ప్లాస్టిక్‌లో ప్రింట్ చేయించండి. లాక్ చేయి పొరలు పొడవునా పడుకునేలా పెట్టమని చెప్పండి. పొరలు అడ్డంగా వస్తే మొదటి నొక్కుకే ఊడిపోతుంది.

ఇక జుట్టు చిక్కుకోవడం. కొత్తగా చేసేవారు అందరూ దీన్ని చివర్లో చూసుకుందాంలే అనుకుంటారు. వెంట్రుక మందం మిల్లీమీటరులో పదో వంతు కన్నా తక్కువ. డైలో రెండు భాగాలు కలిసేచోట వచ్చే సన్నని గీత వేలికి తగలదు, కానీ వెంట్రుకకు తగులుతుంది, పట్టుకుని తెంపుతుంది. అందుకని ఆ గీత కడ్డీ శిఖరం మీదకు రాకుండా బోలు వైపుకు వెళ్లేలా డై విడగొట్టించాలి. డై చేసేవాళ్లు తమకు సులువని శిఖరం మీదే గీత పెట్టేస్తారు, మీరు డ్రాయింగులో రాసి ఇవ్వకపోతే అడిగేవారుండరు. పరీక్ష చాలా తేలిక: చిటికెడు దూది తీసుకుని క్లిప్ మొత్తం మీద రుద్దండి. ఎక్కడ పోగు పట్టుకుంటే అక్కడ గీకాలి. ప్రింటు నమూనానైతే ముందు ముతక, తర్వాత సన్నని గరుకు కాగితంతో, చివర్లో నీళ్లు పోసి రుద్దితే తప్ప తలకు పెట్టొద్దు.

రింగుల సంగతి కొంచెం. రింగుకు పాయను కడ్డీ చుట్టూ చుట్టాలి. ఒక చుట్టు అయితే కొస లోపలికి తిరుగుతుంది, ఒకటిన్నర చుట్లకు అల, రెండున్నర దాటితే రింగు. 12 మి.మీ. కడ్డీ చుట్టుకొలత 37.7 మి.మీ. మన ఆడవాళ్ల జుట్టు 45 సెం.మీ. అనుకున్నా పన్నెండు చుట్లు. అన్నీ ఒకదాని మీద ఒకటి చుడితే పై చుట్ల వ్యాసం పెరిగిపోతుంది, కొసల దగ్గర చిన్న రింగు, పైన సోమరి వంపు. లోపలి చుట్లు ఆరవు కూడా. పొడవు జుట్టుకు కడ్డీ పొడవునా ఏటవాలుగా చుట్టుకుంటూ పోవాలి. దానికి కన్నాల గొట్టం, దాని మీద పొడవునా మూతపడే సగం గొట్టం, రెంటినీ కలిపే పల్చని పీపీ కీలు చాలు. కీలు మందం 0.3 మి.మీ. దగ్గర ఉంచండి. ప్లాస్టిక్ కీలుకు అడ్డంగా ప్రవహించేలా గేటు (డైలోకి ప్లాస్టిక్ వచ్చే దారి) పెట్టించండి. పీసు డైలోంచి ఊడి పడగానే, వేడి తగ్గకముందే, కీలును రెండు మూడు సార్లు మడిచి తెరవాలి. అలా చేసిన కీలు ఏళ్ల తరబడి ఆడుతుంది, చల్లారాక మొదటిసారి మడిచినది అంతకాలం రాదు. కొసలను కడ్డీకి ఆనించి చదునుగా పెట్టడం మరవకండి. మడతపడిన కొస పొద్దున గాలంలా వంకరగా లేస్తుంది, మళ్లీ తడిపితే తప్ప పోదు.

కణతల దగ్గర, నుదుటి అంచున రోజూ బిగించి పడుకోవద్దని వాడకం కాగితంలో తప్పక రాయండి. రోజూ లాగుడు పడే చోట జుట్టు పల్చబడుతుంది. క్లిప్‌లో వేడి పెట్టే ఆలోచన తర్వాత వస్తే, అది విద్యుత్ పరికరం అవుతుంది, ఐఎస్ 302 భద్రతా ప్రమాణాల లోకంలోకి వెళ్తారు. మొదటి వస్తువుకు ఆ టెన్షన్ వద్దు.

డబ్బు విషయంలో ఒక్క మాట. ప్రింటు నమూనా బాగుందనగానే స్టీలు డైకి పరిగెత్తకండి. నున్నగా రుద్దిన నమూనాతో సిలికాన్ అచ్చు తీయిస్తే ఇరవై దాకా పాలీయురేథేన్ పీసులు వస్తాయి. అవి ఇద్దరు ముగ్గురు పార్లర్ వాళ్లకు, ఒత్తు జుట్టు ఉన్నవారికి, పల్చని జుట్టు ఉన్నవారికి ఇచ్చి చూడండి. కొలత మార్చాల్సి వస్తే అక్కడే తెలుస్తుంది. కోసిన డైలో లోహం తీసేయడం తేలిక, చేర్చడం కష్టం. కడ్డీ సన్నగా మొదలుపెట్టి లావు చేయొచ్చు, లావు కడ్డీని సన్నం చేయాలంటే వెల్డింగే.

చివరగా పేటెంట్. జుట్టుకు అలలు తెచ్చే పనిముట్టు అన్నది కొత్త ఆలోచన కాదు. ఫ్రాన్సులో మార్సెల్ గ్రాటో వేడి చిమటాలతో అలలు తిప్పడం 1872 నాటి మాట. 1920లలో బాబ్ కట్, ఫింగర్ వేవ్ ఫ్యాషన్ అయినప్పటి నుంచి పళ్లున్న అలల క్లిప్పులు ఉన్నాయి. కాబట్టి 'అలల క్లిప్' మీద మొత్తంగా హక్కు రాదు. మూసుకునే పద్ధతిలోనో, లాక్‌లోనో నిజంగా కొత్తది ఉంటే ఆ ముక్కకు అడగొచ్చు, వస్తే దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్లు. మన రాష్ట్రం చెన్నై పేటెంట్ ఆఫీసు కిందికి వస్తుంది, ఆన్‌లైన్లో వేయొచ్చు. ముందు ప్రొవిజినల్ (తాత్కాలిక) దరఖాస్తు వేసుకుంటే పూర్తి వివరాలకు 12 నెలల గడువు ఉంటుంది. రూపం మాత్రమే కాపాడుకుంటే చాలనుకుంటే డిజైన్ రిజిస్ట్రేషన్ ఉంది, పదేళ్లు, ఇంకో ఐదేళ్లు పొడిగించుకోవచ్చు. అది ఆకారానికే, పనిచేసే తీరుకు కాదు.

ఇవన్నీ బయటపెట్టకముందు వేయాలి. మీరు ఫొటో పెట్టిన నమూనా ఇప్పటికే బహిరంగమైంది. నేను పైన రాసిన కొక్కేల పద్ధతి కూడా అంతే, దాని మీద పేటెంట్ ఇక మీకూ రాదు, నాకూ రాదు. హాయిగా వాడుకోండి. దాని మీద మీకేదైనా కొత్త లాక్ తడితే మాత్రం, ఇక్కడ బొమ్మ పెట్టి 'ఎలా ఉంది సార్' అని అడిగే ముందు దరఖాస్తు పడేయండి.